రూపాయి తీపియు, గిటారు పాటయు

పెద్ద విషయములను గూర్చి మాటలాడుటకు సభలు గలవు, పత్రికలు గలవు, పండితులు గలరు. చిన్న విషయములకు మన వాకిళ్ళే సభలు. నల్లాయొద్ద బిందె నిండులోపల ఎన్ని తీర్పులు చెప్పబడుచున్నవో లెక్కలేదు. ఏ పప్పు త్వరగా నుడుకును, ఏ సబ్బు చేతులను మండించును, ఏ దుకాణమున తూకము తక్కువ యగును - ఈ తీర్పులకు అప్పీలు లేదు. అట్టి రెండు చిన్న వస్తువులను గూర్చి గడచిన డిసెంబరు మాసమున మా వాడకట్టులో జరిగిన చర్చను మీ యెదుట నుంచుచున్నాము. ఒకటి, గిటారును డ్రమ్ములును చేర్చి పాడెడు క్రొత్తరకపు క్రైస్తవ గీతము. రెండవది, రూపాయికి దొరకు పిప్పరమెంటు బిళ్ళ. ఈ రెంటికి పొత్తెక్కడిదని మీరు నవ్వవచ్చును. ఆ పొత్తు మేము కల్పించినది కాదు. క్రిస్మసు పండుగ కల్పించినది.

మేముండునది గోదావరిఖనిలో, కాలరీ క్వార్టర్ల వీధియందు. 1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. ఆ బొగ్గు త్రవ్వుటకై వెలసిన కంపెనీ 1920 మొదలు సింగరేణి కాలరీసు అను పేర నడచుచున్నది. తరువాతి కాలమున రామగుండము చెంత గనులు తెఱవబడగా, గోదావరి యొడ్డున మా పట్టణము పెరిగినది. 1978లో విద్యుత్కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. పనికొఱకు దగ్గఱి పల్లెలనుండియు, దూరపు జిల్లాలనుండియు, ఉత్తరదేశమునుండియు జనులు వచ్చి చేరిరి. ఎవరి దేవుని వారు, ఎవరి ఊరగాయను వారు, ఎవరి పాటను వారు వెంటదెచ్చుకొనిరి. కావున మా వీధిలో ఒకే గోడకు ఈవల బతుకమ్మపాట, ఆవల యేసుపాట వినబడుట వింతకాదు.

డిసెంబరు రెండవ పక్షమున చర్చి యువకులు ఇంటింటికిని తిరిగి క్రిస్మసు పాటలు పాడుదురు. మేము ఆ సంఘమునకు చెందినవారము కాము. ఐనను ఏటేట వారు మా గడపయొద్ద నిలిచి ఒక పాట పాడక పోరు. బతుకమ్మ నాళ్ళలో ఆ యింటి యాడపిల్లలు మా వలయములో చేరక మానరు. పూర్వము వారి వెంట ఢోలకు, తాళములు, హార్మోనియము వచ్చెడివి. ఇప్పుడు గిటారు, కీబోర్డు, డ్రమ్ములు, వానినన్నిటిని మోయు ట్రాలీ ఆటో, దానిపై గొప్ప స్పీకరు వచ్చుచున్నవి. వెనుక ఎఱ్ఱని అంగీ తొడిగిన క్రిస్మసు తాత నడచుచు సంచిలోనుండి పిప్పరమెంట్లు తీసి పిల్లలకు పంచును. ఇట్లు పాటయు బిళ్ళయు ఒకే ఊరేగింపులో మా గుమ్మమునకు వచ్చినవి.

ముందుగా పాటమాట. ఎదురింటి పెద్దమ్మ ఆ చర్చికి చిరకాలముగా పోవుచున్న వృద్ధురాలు. ఆమె యభిప్రాయము కఠినము. "పాటలో మాట వినబడాలె. ఇప్పటి పాటలో మోతనే వినబడుతది. దేవునికి చెవుడా?" అని యామె అడిగెను. ప్రక్కింటి వదిన వేఱు మతమున పుట్టినది; ఆమెకు పాట నచ్చినది. "అర్థం సంగతి నాకు తెల్వదు గాని, మా పిల్లలు అన్నం తినేటప్పుడు ఆ పాటే పెట్టమంటరు" అని యామె చెప్పెను. కాలేజీలో చదువుచున్న యొక పిల్ల మాత్రము పెద్దమ్మకు ఎదురు చెప్పకయే తన మాట చెప్పినది: "అమ్మమ్మా, ఈ పాటలు లేకుంటే మా ఈడోళ్ళు సగం మంది చర్చికి రారు." ముగ్గురును నిజమే పలికిరి. మువ్వురి నిజములును ఒకదానితో నొకటి పొసగకపోవుటయే చిక్కు.

పెద్దమ్మ చేతిలోని పాతపుస్తకము "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు". దానిని మేమును తిరగవేసితిమి. కీర్తనల నెత్తిపై రాగముపేరు, తాళముపేరు అచ్చుపడియుండుట చూచి మాకు సంతోషము కలిగినది. ఇందలి కీర్తనకారులలో పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) ప్రసిద్ధులు. వంగవంశమున పుట్టి, తెలుగున కీర్తనలు వ్రాసి, మన కర్ణాటకరాగములలో వానిని కూర్చిరి. మతము పాశ్చాత్యమని పేరుపడినను వారు పాటను మన బాణీలో నడపిరి. మన బొగ్గుగనుల ప్రాంతమునకు చేరువనున్న డోర్నకల్లున 1912లో వి. యస్. అజరయ్యగారు బిషప్పు అయిరి. ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి పొందిన మొదటి భారతీయులు వారే. 1939లో అచ్చట ప్రతిష్ఠింపబడిన పెద్ద చర్చి కట్టడములో దేవాలయపు స్తంభముల రీతియు, మసీదు గుమ్మటముల రీతియు కలసియున్నవి. పెద్దమ్మ ప్రేమించునది ఈ సంప్రదాయమును. ఆమె కోపమునకు మూలము మూఢత్వము కాదు; కష్టపడి మనదిగా చేసికొన్న యొక సొత్తు చేజారుచున్నదను భయము.

ఇక గిటారు పాట పుట్టుక వినుడు. "బజారు సంగీతము చర్చిలోనికి దూరినది" అని పలువు రందురు. చరిత్ర చూడగా దారి రెండువైపుల నున్నదని తోచుచున్నది. 1915లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రమున సిస్టర్ రొసెట్టా థార్ప్ అను నల్లజాతి స్త్రీ జన్మించెను. ఆమె తల్లి మతప్రచారకురాలు. తల్లివెంట సభలకు పోయి, ఆ బాలిక పసితనముననే గిటారు వాయించుచు భక్తిగీతములు పాడెను. 1938లో ఆమె పాటలు గ్రామఫోను పలకలపై కెక్కినవి. పిమ్మట ఆమె విద్యుద్గిటారును చేతబట్టి వాయించిన తీరును విని నేర్చిన యువకులు ఎందఱో రాకు సంగీతమునకు ప్రసిద్ధులైరి. రాత్రివేళ నాట్యశాలలలో గూడ ఆమె పాడినందులకు చర్చివారు కొందఱు నిందించిరి. ఆమె 1973లో గతించెను. 2018లో రాకు సంగీతప్రముఖుల గౌరవశ్రేణిలో ఆమె పేరు చేర్చబడినది. రాకు రాజని పేరుపొందిన ఎల్విస్ ప్రెస్లీకి పోటీలో లభించిన గ్రామీ బహుమతులు మూడును భక్తిగీతములకు వచ్చినవే. తరువాత 1969లో లారీ నార్మన్ అను నతడు వెలువరించిన పాటల సంపుటమును పలువురు మొదటి క్రైస్తవ రాకు సంపుటమని చెప్పుదురు.

కావున ఈ సంగీతము చర్చికి పరాయిబిడ్డ కాదు. ఒక తల్లి ప్రక్కన గిటారు పట్టిన బాలికతో బయలుదేరి, ఊరెల్ల తిరిగి, వేషము మార్చుకొని పుట్టింటికి వచ్చిన బిడ్డ. ఇది తెలిసికొన్న పిమ్మట "పరాయిది" అను నాక్షేపణము మా మనస్సునుండి తొలగినది. పెద్దమ్మతో ఈ మాట చెప్పగా ఆమె కొంతసేపు మిన్నకుండి, "వచ్చిన బిడ్డ గట్టిగ అరవకుంటే చాలు" అనెను. ఈ మాటలో చర్చ యంతయు నిమిడియున్నది.

ఏలయన మా వీధిలో అసలు బాధ రాగమును గూర్చినది కాదు, వేళను గూర్చినది. గనిపని మూడు షిఫ్టులు. రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవారి యిల్లు చేరిన మనిషి పగలు నిద్రింపవలెను. ఈ నిద్ర సుఖముకొఱకు కాదు, ప్రాణముకొఱకు. భూమిలోపల కప్పును, గాలిని, యంత్రమును కనిపెట్టియుండవలసిన కన్ను అలసియుండరాదు. గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి 2003 జూన్ 16వ తేదీన నీరు చొచ్చివచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ దుర్ఘటనకు కారణము వేఱు. ఐనను అట్టి వార్త విన్న వీధిలో ఏ యిల్లాలును మగని నిద్రను తేలికగా నెంచదు. పగటివేళ తలుపు మెల్లగా వేయుట, కుక్కరు కూతకు ముందే పొయ్యి తగ్గించుట, పిల్లలకు సైగలతో చెప్పుట, ఇవి మాకు పుట్టింటినుండి కాక ఈ వీధినుండి వచ్చిన విద్యలు.

ఆ డిసెంబరున యువకులు మా యింటి వెనుకనున్న గదిలో పగలు పదునొకండు గంటలకు డ్రమ్ములు సాధన చేయసాగిరి. మా యింటివారు వరుసగా మూడు దినములు సరిగా నిద్రపోలేదు. నాలుగవనాడు మేము వెళ్ళి తలుపు తట్టితిమి. డ్రమ్ములు వాయించు పిల్లవాడు లేచి నిలుచుండి, "ఏమైంది చిన్నమ్మా?" అనెను. సంగతి చెప్పితిమి. అతడు తలవంచుకొని, "మా బాపుది గూడ రాత్రి షిఫ్టే చిన్నమ్మా. ఇంట్ల వాయించనియ్యడు. అందుకనే ఇక్కడికొచ్చినం" అనెను. మేము నవ్వక యుండలేకపోతిమి. తన తండ్రి నిద్రను కాపాడినవాడు పరుల తండ్రుల నిద్రను గూర్చి తలపకపోవుట దుర్మార్గము కాదు, కుఱ్ఱతనము. ఆ దినమే యొడంబడిక కుదిరినది. సాధన సాయంకాలము నాలుగు గంటలకు పిదప. ఊరేగింపు రాత్రి పది గంటలలోపల ముగియవలెను. షిఫ్టుకు పోబోవు మనిషి నిద్రించుచున్న యింటి ముందు డ్రమ్ములు లేక గిటారుతోడనే పాడవలెను.

చట్టమును మావైపే యున్నది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ననుసరించి రాత్రి పది మొదలు ఉదయము ఆఱు గంటలవఱకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడరాదు. ప్రభుత్వము కొన్ని పండుగదినములకు మాత్రము అర్ధరాత్రివఱకు సడలింపు నీయవచ్చును. నివాసప్రదేశములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు హద్దు. ఈ హద్దు చర్చికి మాత్రమే కాదు. మా గుడి మైకునకు, వినాయక మండపమునకు, పెండ్లి బ్యాండునకు నంతియే. ఒకరి పాటను కొలిచిన కొలతతోనే మన పాటను గూడ కొలుచుకొనవలెను. ఆ మాట మేము యువకులకు చెప్పకముందే మా గుడివారితో చెప్పితిమి.

ఒడంబడిక నిలిచినది. వారు మా గడపయొద్ద పాత కీర్తన నొకదానిని గిటారు తీగలపై మెల్లగా పాడిరి. పెద్దమ్మ తన గడపనుండి గొంతు కలిపెను. డ్రమ్ములు లేనందున మాట స్పష్టముగా వినబడెను. గిటారు ఉన్నందున పిల్లలు కదలక నిలిచిరి. ఆ పాట విన్న పిదప మా యభిప్రాయము స్థిరపడినది. మాటను మింగివేయు వాద్యము పాటకు శత్రువు. మాటను మోయు వాద్యము ఏ దేశపుదైనను చుట్టమే.

ఇప్పుడు తాతగారి సంచి సంగతి. మన ప్రాంతమున రూపాయి బిళ్ళ ఏదైనను దానికి "చాక్లెట్టు" అనియే పేరు, దానిలో చాక్లెట్టు లేకపోయినను సరే. దీనిపైని గూడ మా వీధిలో మూడు మతములు. "పండ్లు పాడగును, పూర్తిగా మానవలెను" అని యొకరు. "రూపాయితో ఏడ్పు మానిన పిల్లవానిని చూచితిరా?" అని యొకరు. "చిల్లర లేదని దుకాణములో అంటగట్టుచున్నారు, అందువలన దాని పేరు వినిననే కోపము" అని మఱియొకరు. ఈ మూడవ బాధ మన కందఱకును తెలిసినదే. 25 పైసలును అంతకు తక్కువ నాణెములును 2011 జూన్ 30తో చెలామణినుండి తొలగినవి. రూపాయి చిల్లరకు బదులు బిళ్ళను చేతిలో పెట్టుట మాకు తెలిసిన దుకాణములలో వాడుక యైనది. బిళ్ళ నాణెము కాదు. దానిని పుచ్చుకొనవలెనను విధి యేదియు మనకు లేదు. 2016లో ఫోనుద్వారా చెల్లించు యూపీఐ పద్ధతి వచ్చిన పిమ్మట ఈ పీడ మా వీధిలో చాలవఱకు తగ్గినది.

ఈ బిళ్ళను గూడ "దొరల తిండి" అని నిరసించువారున్నారు. దాని పుట్టుకయు పాటవంటిదే. ఆంగ్లేయులు క్యాండీ యను మాట మన సంస్కృతమునందలి "ఖండ" శబ్దమునుండి బయలుదేరి, పారసీక అరబ్బీ భాషల మీదుగా ఐరోపాకు పోయినది. చెఱకురసమును గడ్డకట్టించి చక్కెర చేయు విద్యను లోకమునకు నేర్పినది మన దేశమే. ఆ ఖండమే రంగుకాగితము చుట్టుకొని తిరిగివచ్చినది. 1929లో బొంబాయి చెంత విలే పార్లేలో పార్లే కర్మాగారము వెలసి, మొదట మిఠాయిబిళ్ళలనే చేసినది. 1952లో మన చిత్తూరున న్యూట్రిను కంపెనీ పుట్టినది. దాని మహాలాక్టోను చప్పరింపని తెలుగుబిడ్డ అరుదు. 2006లో ఆ కంపెనీ గోద్రెజు చేతికి పోయి, పిదప అమెరికాలోని హెర్షీవారిది యైనది. 2015లో వచ్చిన పల్సు అను పచ్చిమామిడి బిళ్ళ నడుమ ఉప్పుకారపు పొడి నుంచి, పెద్దలను గూడ పిల్లలను చేసినది.

మా యింట ఈ బిళ్ళకు వేఱొక గౌరవము గూడ గలదు. బొగ్గుగనిలోనికి బీడీ, అగ్గిపెట్టె కొనిపోరాదు. నిప్పురవ్వ యొక్కటి చాలు, గనిని కాల్చుటకు. కావున మా యింటివారు రెండు బిళ్ళలు జేబులో వేసికొని దిగుదురు. ధూళికి గొంతెండినపుడు అదియే వారికి తోడు. రూపాయి వస్తువని దానిని మేము తేలికచేయుట లేదు.

ఐనను గుణదోషములు చెప్పవలయును గదా. బిళ్ళలో నుండునది ముఖ్యముగా చక్కెరయు, మొక్కజొన్న పిండినుండి తీసిన గ్లూకోజు పాకమును. పైన పులుపు, సువాసన, రంగు. నాలుగు గ్రాముల బిళ్ళ దాదాపు నాలుగు గ్రాముల చక్కెరయే. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో చేసిన సూచన ననుసరించి, పెద్దలకు అదనపు చక్కెర దినమునకు 25 గ్రాములకు లోబడుట మేలు. ఆఱు బిళ్ళలతోనే ఆ లెక్క నిండును. పిల్లల పాలు అంతకన్న తక్కువ. ఐదేండ్లలోపు శిశువులకు గట్టిబిళ్ళ గొంతునకు అడ్డుపడు నపాయము గలదు. కావున ఊరేగింపులో బిళ్ళలు విసరుట, పరుగెత్తుచు తినుట మాన్పవలెను. తిన్న పిమ్మట నీటితో నోరు పుక్కిలింపజేయవలెను.

రంగు మఱింత ముఖ్యము. మన దేశమున ఆహారమునకు 8 కృత్రిమవర్ణములు మాత్రమే అనుమతింపబడినవి, అవియు హద్దులోనే. బట్టల కద్దెడు రోడమీను-బి అను రంగు పీచుమిఠాయిలో కనబడుటచే 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరియు, తమిళనాడును రంగుపీచుమిఠాయి యమ్మకమును నిషేధించినవి. తాతగారి సంచికై యువకులు తెచ్చిన బిళ్ళలలో ఒక మూటకు పేరు లేదు, తేదీ లేదు, చేసినవారి యూరు లేదు. రంగు మాత్రము కన్నులు చెదరునంత యుండెను. చిన్నబిళ్ళ కాగితముపై అన్ని వివరములు పట్టకపోవచ్చును. కాని పెద్దసంచిపై 14 అంకెల ఆహారలైసెన్సు సంఖ్య, తయారైన తేదీ, పదార్థముల పట్టిక యుండవలెను. ఆ మూటను దుకాణమునకు మరలించితిమి. బదులుగా సగము పేరుగల బిళ్ళలు, సగము మేమే వీధిలో కలసి చేసిన పల్లిపట్టీలును నువ్వులముద్దలును సంచిలో చేరినవి. సద్దుల బతుకమ్మకు మలీద ముద్దలు కట్టిన చేతులకు ఇది యెంతపని? పిల్లలు ముందు బిళ్ళనే ఏరుకొనిరి, అది నిజము. ఐనను సంచి అడుగున పల్లిపట్టీ ఒక్కటియు మిగులలేదు, అదియు నిజమే.

సోదరీమణులారా! పాటను గాని తీపిని గాని "ఇది ఎక్కడినుండి వచ్చినది?" అని మాత్రమే అడిగి తీర్పు చెప్పుట సులభము, ఆ ప్రశ్నకు వచ్చు జవాబు మన పెరటిలోనికే త్రోవ చూపవచ్చును. "ఎంత వెల?" అను ప్రశ్నయు చాలదు, ఫోనులో పాట ఉచితము, బిళ్ళ రూపాయి, రెంటికిని మనము చెల్లించునది వేఱొకటి గలదు. ఒకదానికి నిద్ర, ఒకదానికి పండ్లు. కావున ఇల్లాలు అడుగవలసిన ప్రశ్నలు మూడు: లోపల నేమున్నది? ఎంత? ఏ వేళ? ఈ మూడింటికి సరియైన జవాబు వచ్చిన పాటను మన గడపలో పాడనిత్తము, ఆ బిళ్ళను మన బిడ్డ చేతిలో పెట్టుదము. జవాబు రానిచో తలుపు మూయుటకు ముందు ఒక్కమాఱు తలుపు తట్టి మాటలాడుదము. ఆవల డ్రమ్ములయొద్ద కూర్చున్నవాడును ఏదో యొక రాత్రి షిఫ్టు తండ్రికి కొడుకై యుండును.